ఒకే పెట్టెలో రెండు జతలు

మోటారు విడిభాగాల వ్యాపారంలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు. ఆ రోజుల్లో ఇంగ్లాండు నుంచి ఒక సామాను మన నెల్లూరు జిల్లాకు రావడానికి ఎన్నాళ్లు పట్టేది తాతా అని. ఓడలో ఎన్నాళ్లుండేదో చెప్పగలను. మద్రాసు హార్బరులో ఎన్నాళ్లు పడి ఉండేదో కూడా చెప్పగలను. కాని ఒక బావ ఇంటి నుంచి బావమరిది ఇంటికి, అంటే నాయుడుపేట నుంచి చిట్టమూరుకు, ఒక పిడికెడు ఇనుప చక్రం చేరడానికి పట్టిన కాలం మాత్రం ఏ క్యాటలాగులోనూ దొరకదు. నా ఉద్యోగం మొత్తం మీద నేను బాగా చెమటలు కక్కింది ఆ చివరి ప్రయాణానికే.

అప్పుడు నేను నెల్లూరులో ఒక విడిభాగాల కొట్లో గుమాస్తాను. మా నాయన చిట్టమూరు పక్కన ఒక పల్లెలో మిషన్ బడి పంతులు. ఆయన పుణ్యమా అని నాకు ఇంగ్లీషులో ఉత్తరం రాయడం వచ్చు. మోటారు గురించి ఓనమాలు కూడా రావు. మా షావుకారుకు నా ఇంగ్లీషు చాలు. ఇనుము సంగతి నేను చూసుకుంటాను, కాగితం సంగతి నువ్వు చూడు అన్నారు.

అప్పటి కాగితం సంగతంటే మాటలు కాదు. ప్రభుత్వానికి విదేశీ మారకం కరువై దిగుమతులకు పగ్గాలు బిగించిన కాలం. ఆరు నెలలకొకసారి లైసెన్సు ఇచ్చేవాళ్లు. అందులో మా వంతుగా వచ్చేది చూస్తే పెళ్లి పంక్తిలో చివరి వరసకు వడ్డించినట్టుండేది. తెప్పించిన దానికైనా నానా ఖర్చులు. సరుకు ధర ఒకటి, ఓడ కిరాయి ఒకటి, బీమా ఒకటి. ఆ మూడూ కలిపిన మొత్తం మీద సుంకం. ఆ పైన హార్బరు కూలి, క్లియరింగ్ ఏజెంటు రుసుము. పెట్టె సమయానికి విడిపించకపోతే డెమరేజి అని దానికి మళ్లీ అద్దె. ఒక్కొక్కటే చదివి వినిపిస్తుంటే మా షావుకారు నన్ను దొంగను చూసినట్టు చూసేవారు.

"ఇనుముకు సుంకమంటే అర్థమయింది. అది ఓడలో కూచోని వచ్చిన దానికి గూడా సుంకమేందిరా?" అనేవారు.

"అది వాళ్ల లెక్క సార్," అనేవాణ్ణి.

"వాళ్ల లెక్క సరే. నువ్వు ఎవురి పక్క?"

ఈ ప్రశ్నకు నేను పదవీ విరమణ చేసే దాకా జవాబు చెప్పలేకపోయాను.

ఇక అసలు కథ. నాయుడుపేట నుంచి చిట్టమూరు మీదుగా సముద్రపు ఒడ్డు పల్లెలకు పోయే రోడ్డు మీద అప్పుడు తిరిగేవి రెండే బస్సులు. ఒకటి నాయుడుపేటలో ఉండే బావగారిది, ఇంకొకటి చిట్టమూరులో ఉండే బావమరిదిది. బావగారి భార్య ఆ బావమరిదికి అక్క. యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్లు వేలం వేసిన రెండు విదేశీ లారీలను ఇద్దరూ కలిసి కొని, వాటి మీద బస్సు బాడీలు కట్టించి, ఒకే కంపెనీగా నడిపారు. కొన్నేళ్లు కలిసి ఒకే కంచంలో తిన్నంత పని చేశారు. తర్వాత చెడింది.

చెడిన కారణం చెబితే మీరు నవ్వుతారు. ఒకరోజు బావమరిది తల్లి, అంటే బావగారికి అత్త, కూతుర్ని చూద్దామని చిట్టమూరులో బస్సెక్కింది. ఆ ట్రిప్పులో కండక్టరు కొత్తవాడు. టికెట్టు తీసుకోమన్నాడు. ఈ బస్సు మాదేనయ్యా అని ఆమె అంది. అందరూ అదే మాటంటారు దుడ్లు తియ్యమ్మా అని వాడన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా దుడ్లిచ్చి టికెట్టు తీసుకుంది. నాయుడుపేటలో దిగి, కూతురింటికి పోకుండా, ఎండలో ఎడ్లబండి మాట్లాడుకుని వెనక్కి వచ్చి ఆ టికెట్టు కొడుకు చేతిలో పెట్టింది. కొడుకు అగ్గిమీద గుగ్గిలమై బావ దగ్గరికి పోయాడు. తప్పయిందని ఒక మాట అని ఉంటే అంతటితో పోయేది. బావగారు పట్టింపు మనిషి. కండక్టరు రూలు ప్రకారం పోయినాడు, నేనేం చేసేది అన్నాడు. అంతే. కంపెనీ రెండు ముక్కలయింది, బస్సు ఒకటి అటు, ఒకటి ఇటు. ముసలమ్మ ఇక ఏ బస్సూ ఎక్కనని కూర్చుంది. బావా బావమరుదులకు మాటలు లేవు.

మాటలు లేకపోయినా రోడ్డు ఒకటే కాబట్టి అవసరాలు పడుతూనే ఉండేవి. ట్రిప్పుల వేళలు, పర్మిటు కాగితాలు, వంతెన కొట్టుకుపోతే ఎవరెటు తిరగాలో. అలాంటప్పుడు మధ్యలో ఒక మనిషిని నిలబెట్టుకుని మాట్లాడుకునేవాళ్లు. ఎదురెదురుగా ఉన్నా సరే, "ఆయనతో చెప్పు" అని ఈయన, "ఆయన్ను అడుగు" అని ఆయన. చుట్టాలను నిలబెడితే ఎవరో ఒకరి పక్షం అంటారు. నేను ఇద్దరి కులమూ కాదు, ఇద్దరికీ చుట్టాన్నీ కాదు. చర్చికి పోయే పంతులి కొడుకుని. వారం వారం వాళ్ల బస్సుల్లోనే ఇంటికి పోయేవాణ్ణి. ఇంతకన్నా తగిన మనిషి వాళ్లకు జిల్లాలో దొరకలేదు.

ఒక ఏడాది వానాకాలం ముగిసేసరికి రెండు బస్సులకూ ఒకే జబ్బు చేసింది. బస్సు వెనక ఇరుసులో ఒక పెద్ద పళ్ల చక్రం, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం ఉంటాయి. పెద్దదాన్ని క్రౌన్ అంటారు, చిన్నదాన్ని పినియన్ అంటారు. ఒండ్రులో, ఇసకలో ఈడ్చి ఈడ్చి రెండు బస్సుల్లోనూ పళ్లు అరిగి ఊడేలా తయారయ్యాయి. బావగారు ఉదయం కొట్టుకు వచ్చి ఒక జత కావాలన్నాడు. బావమరిది మధ్యాహ్నం వచ్చి అదే జత కావాలన్నాడు. అది ఇంగ్లాండు సరుకు. తెప్పించాల్సిందే.

నేను ఖర్చు లెక్క వేసి చూశాను. ఓడ కంపెనీ చిన్న పెట్టెకైనా ఒక కనీస కిరాయి పట్టేది. ఒక జత వచ్చినా అదే కిరాయి, రెండు జతలు వచ్చినా అదే. విడివిడిగా తెప్పిస్తే కిరాయి రెండు సార్లు, దాని మీద సుంకం రెండు సార్లు, ఏజెంటు రుసుము రెండు సార్లు. ఒకే పెట్టెలో తెప్పిస్తే అంతా సగం. నాకు అది ఎంత గొప్ప ఆలోచన అనిపించిందంటే, ఆ రోజు టిఫినుకు రెండు దోసెలు ఎక్కువ తిన్నాను.

బావగారు విని, "ఆయనకు ఇష్టమయితే నాకేం?" అన్నాడు. బావమరిది విని, "ఆయన ఒప్పుకున్నాడా? అయితే సరే," అన్నాడు. పెట్టె మీద ఎవరి పేరు ముందు ఉండాలన్న దగ్గర మాత్రం వారం పాటు ఆగింది. చివరికి ఇద్దరి పేర్లూ వద్దని మా కొట్టు గుర్తే వేయించాను.

పెట్టె మద్రాసు చేరిందని తంతి వచ్చింది. విడిపించడానికి పోవాల్సింది నేనొక్కణ్ణే. కాని మంచి సామాను అవతలివాడు కొట్టేస్తాడేమోనని ఇద్దరూ నా వెంట బయలుదేరారు. ఒకే రైలు, వేరు వేరు పెట్టెలు. నేను బావగారి పెట్టెలో కూర్చుంటే బావమరిదికి కోపం, అటు కూర్చుంటే ఈయనకు కోపం. సగం దారి దాకా ఒక దాంట్లో, అక్కణ్ణుంచి ఇంకొక దాంట్లో ప్రయాణం చేశాను.

హార్బరు షెడ్డులో కస్టమ్స్ అప్రైజరు మా పెట్టె తెరిపించాడు. సరుకు చూసి సుంకం నిర్ణయించేది ఆయనే. మంచి మనిషి, కాస్త విసుగు మనిషి. గ్రీజు కాగితాల్లో చుట్టి, ఒక పెద్ద చక్రం, ఒక చిన్న చక్రం చొప్పున ఇనుప తీగతో కలిపి కట్టి ఉన్నాయి. ఆయన కటింగ్ ప్లయరు తీసుకుని ఆ తీగలు పుటుక్కుమనిపించి, కాగితాలు విప్పించి, పెద్దవి రెండూ ఒక పక్క, చిన్నవి రెండూ ఒక పక్క నేల మీద పెట్టించి చూశాడు. సరిపోయిందని సంతకం పెట్టాడు. పక్కన పడిన తీగ ముక్కలను మేమెవరమూ చూడలేదు. డెమరేజి పడకుండా బయటపడ్డామన్న ఆనందంలో నేనైతే ఈల వేశాను కూడా.

గేటు బయట టీ కొట్టు ముందు పంపకం మొదలైంది. పంపకమంటే మన ఊళ్లలో అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టే. ఒకరికి మొదటి కోరిక ఇస్తే రెండో దాంట్లో ఇంకొకరికి మొదటి కోరిక. గొడవ లేకుండా ఉండాలని ఆ పద్ధతి నేనే చెప్పాను.

"పెద్దవాళ్లు కాబట్టి పెద్ద చక్రాల్లో మీరు ముందు ఏరుకోండన్నా," అని బావగారితో అన్నాను.

ఆయన రెండు క్రౌన్లనూ తిప్పి తిప్పి చూసి, గోటితో గీరి, బాగా మెరుస్తున్న దాన్ని తీసుకున్నాడు.

"ఇప్పుడు చిన్న చక్రాల్లో మీరు ముందన్నా," అని బావమరిదితో అన్నాను.

ఆయన అంతకన్నా ఎక్కువ సేపు చూసి, బాగా మెరుస్తున్న పినియన్ తీసుకున్నాడు. మిగిలింది మిగిలినవాళ్లకు. "ఆయనకు సమ్మతమేనా అడుగు," అని ఈయన, "సమ్మతమేనని చెప్పు," అని ఆయన. ఇంత న్యాయంగా పంపకం మద్రాసు హైకోర్టులో కూడా జరిగి ఉండదని నేను మురిసిపోయాను. టీ కొట్టువాడు కూడా మెచ్చుకున్నాడు.

మీలో పని తెలిసినవాళ్లు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆ రెండు చక్రాలనూ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి ఒరిపిడి పెట్టి, పళ్లకు పళ్లు కుదిర్చి, రెండింటి మీదా ఒకే నంబరు కొట్టి, జతగా తీగ కట్టి పంపుతారు. దేని జత దానికే. మెరుపును బట్టి ఏరుకునేవి కావు. మేము ఇద్దరి పెళ్లాలనూ మార్చి కాపురానికి పంపినట్టు చేశాం.

రెండు బస్సులూ రోడ్డెక్కాయి. ఎక్కిన రోజు నుంచే ఏడుపు. గేరు మారిస్తే చాలు, వెనక ఇరుసులోంచి ఊ అని మొదలై, వేగం పెరిగేకొద్దీ రాగం తీసి, చిట్టమూరు వంతెన దగ్గరికి వచ్చేసరికి గుండె బాదుకున్నట్టు వినిపించేది. మైలు దూరం నుంచి తెలిసిపోయేది. పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్లు నడుం ఎత్తి, "అదో, బావ బండి ఏడస్తా వస్తా ఉండాది," అనేవాళ్లు. రెండూ ఎదురెదురుగా దాటుకునేటప్పుడు మరీ రసవత్తరంగా ఉండేది. ఒక ప్రయాణికుడు నాతో అన్నాడు: "ఓనర్లకు మాటల్లేవు గాని అబ్బయ్యా, బండ్లు మాత్రం ఒకదాన్నొకటి ఎట్ట పిలస్తా ఉండాయో చూడు!"

నవ్వులాట ఒక పక్క, భయం ఒక పక్క. ఇరుసు విప్పిన రోజే ఇద్దరి మెకానిక్కులూ నంబర్లు కలవలేదని చూశారు. ఇద్దరూ తమ ఓనర్లకు చెప్పారు కూడా. ఇది ఆయన దగ్గర ఉండాల్సింది, ఆయనది మన దగ్గరికి వచ్చింది, మార్చుకుంటే సరిపోతుందని. ఇద్దరు ఓనర్లూ చెప్పిన జవాబు ఒక్కటే. బిగించు ముందు, నడిచిన కాడికి నడుస్తాది. అడిగితే తక్కువై పోతామని ఇద్దరికీ పట్టింపు. ఇలాగే నడిపితే పళ్లు ఒకదాన్నొకటి నమిలేస్తాయి. కొత్తవి తెప్పిద్దామంటే మా లైసెన్సులో ఆ ఆరు నెలలకు పైసా మిగల్లేదు. రెండు బస్సులూ ఆగిపోతే రోడ్డు మీద ఇక బస్సే లేదు. పర్మిటు రద్దు చేసి ఎవరో పెద్ద కంపెనీకి ఇచ్చేస్తారని అప్పటికే నాయుడుపేటలో అనుకుంటున్నారు. అంటే పిడికెడు ఇనుము మార్చుకోలేక రెండు కుటుంబాలు కూటికి లేకుండా పోతాయన్నమాట.

శనివారం శనివారం నేను రెండు షెడ్లకూ తిరిగాను. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"నేను వద్దన్నానా అబ్బయ్యా? ఆయన్ను అడగమను, ఇస్తా," అంటాడు బావగారు.

"నాదేముంది, ఆయన పెద్దవాడు. ఆయన నోరు తెరిస్తే చాలు, ఇప్పుడే విప్పిస్తా," అంటాడు బావమరిది.

"అన్నా, ఇద్దరికీ ఇష్టమేగదా. ఇంక అడిగేదేంది?" అంటే, "అదే గదా," అని ఇద్దరూ ఊరుకునేవాళ్లు. నేను మోసిన మాటలకు కూలి కట్టి ఉంటే మేడ కట్టేవాణ్ణి. మా షావుకారైతే, "కిరాయి మిగిలించినావు సరే, ఆ మిగిలిన దానితో ఇప్పుడు నాకు తలనొప్పి మాత్ర కొనిపెట్టు," అన్నారు.

ఒక ఆదివారం ఉదయం. చర్చిలో ఆరాధన ముగిసి బయట చెప్పులు వేసుకుంటున్నాను. ఎదురుగా బావమరిది తల్లి నిలబడి ఉంది. సన్నటి మనిషి, నుదుటి మీద ముడతలే గాని కళ్లు మాత్రం చురుకు. చేతిలో చిన్న సంచి.

"నీ ప్రార్థన అయిందా అబ్బయ్యా?"

"అయిందమ్మా."

"అయితే రా. నాతో నాయుడుపేటకు రావాల నువ్వు."

"ఎట్ట పోతాం? మీరు బస్సెక్కరు గదమ్మా."

"ఎక్కనన్నా, నిజమే. ఆ ఏడుపు వింటా ఇంట్లో కూచోలేక చస్తా ఉండా. పొద్దున ఒకటి ఏడస్తాది, మద్దేనం ఇంకొకటి ఏడస్తాది. నేను చచ్చినాక ఏడిస్తే అందం గాని, ఇప్పట్నుంచే ఎందుకు?"

రోడ్డు మీదికి వచ్చేసరికి బావగారి బస్సు ఏడుపు వినిపించనే వినిపించింది. ఆగింది. మెట్టు మీద నిలబడిన కండక్టరు ఆమెను చూసి అలాగే బిగుసుకుపోయాడు. ఆ కండక్టరే. అన్నేళ్ల కిందట కొత్తగా చేరి, ఒక్క టికెట్టుతో కంపెనీని రెండు ముక్కలు చేసినవాడు. ముందు సీటులో కూర్చున్నవాళ్లు చెప్పకుండానే లేచి నిలబడ్డారు. ఆమె కూర్చుని, సంచిలోంచి దుడ్లు తీసి వాడి ముందు చాపింది.

"నాయుడుపేటకు రానూ పోనూ టికెట్టు కొట్టు."

"అమ్మా, మీకెందుకమ్మా టికెట్టు..."

"ఆ పొద్దు కొట్టినావు గదా. ఈ పొద్దు చెయ్యి నొప్పా?"

బస్సంతా గుడిలో ఉన్నట్టు నిశ్శబ్దం, వెనక ఇరుసు ఒక్కటి తప్ప. వాడు టికెట్టు చించి ఇచ్చాడు. ఆమె దాన్ని మడిచి కొంగున ముడి వేసుకుంది. నా టికెట్టుకు నేనూ డబ్బులిచ్చాను. ఆ రోజు ఊరికే ప్రయాణం చేసే ధైర్యం నాకు లేదు.

నాయుడుపేటలో బస్సు నేరుగా షెడ్డులోకి పోయింది. బావగారు మంచం మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. అత్త దిగడం చూసి గబుక్కున లేచి, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. అల్లుడి ఎదుటికి అత్త నేరుగా వచ్చి మాట్లాడడం వాళ్ల ఇంట్లో లేని అలవాటు. తలుపు చాటునుంచో, ఇంకొకరితో చెప్పించో మాట్లాడాలి. అందుకే నేను నా పని మొదలుపెట్టబోయాను. "అన్నా, అమ్మ ఏం చెప్పమన్నదంటే..." అన్నాను.

"నువ్వు పక్కకు జరుగు," అంది ఆమె నాతో. జరిగాను. నా జీవితంలో అంత సంతోషంగా ఎన్నడూ పక్కకు జరగలేదు.

"అబ్బయ్యా, నా కొడుకు బండిది నీ బండిలో ఉండాది. నీది వాడి బండిలో ఉండాది. అవునా కాదా?"

"అవునత్తా." ఆయన తల వంచుకునే అన్నాడు. తర్వాత, "ఆ పొద్దు నీకు టికెట్టు కొట్టమని నేను చెప్పలా అత్తా," అన్నాడు.

"తెలుసు. కొట్టొద్దని గూడా చెప్పలా."

ఆమె కొంగు ముడి విప్పి టికెట్టు తీసింది.

"ఇదో. రానూ పోనూ దుడ్లిచ్చినా. ఊరికే ఎక్కలా. దుడ్లిచ్చినోళ్లను ఇంటికి చేర్చాల్నా వద్దా? నీ రూలు ఏం చెప్తాది?"

"చేర్చాల."

"అయితే పద, మా ఇంటి దాకా. నడిరోడ్డు మీద దించితే ఒప్పుకోను."

ఇంతలో లోపలినుంచి బావగారి భార్య పరుగున వచ్చింది. తల్లిని పట్టుకుని ఏడుస్తూ నవ్వుతూ ఏవేవో అంటోంది. అన్నేళ్లుగా పన్నెండు మైళ్ల దూరంలో ఉండి తల్లీ కూతుళ్లు చూసుకోలేదు. బావగారు పక్కకు తిరిగి కండక్టరును పిలిచాడు. జేబులోంచి డబ్బులు తీసి, "మా ఇద్దరికీ చిట్టమూరుకు కొట్టు," అన్నాడు. సొంత బస్సులో సొంత కండక్టరు దగ్గర ఓనరు టికెట్టు కొనుక్కోవడం నేను చూసింది అదే మొదలు, అదే చివర. ముసలమ్మ కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

సంగతి తెలిసి బస్టాండులో జనం ఎక్కేశారు. మధ్యలో దిగాల్సినవాళ్లు కూడా దిగలేదు. ఊళ్లు వస్తున్నాయి, పోతున్నాయి, ఒక్కరూ గంట కొట్టమనలేదు. బస్సు చిట్టమూరు చేరి, రోడ్డు వదిలి, సందులో తిరిగి, ఏడ్చుకుంటూ పోయి బావమరిది ఇంటి ముందు ఆగింది. ఆయన తన బస్సు పక్కన నిలబడి టైరు చూసుకుంటున్నాడు. తల ఎత్తాడు. ముందు తల్లి దిగింది, వెనక అక్క దిగింది, ఆ వెనక బావ దిగాడు.

అక్క తమ్ముణ్ణి చూసి, "చిక్కిపోయినావేందిరా," అని, జవాబు కోసం ఆగకుండా తల్లితో వంటింట్లోకి పోయింది. కాసేపటికి గిన్నెల చప్పుడు మొదలైంది. బయట మగవాళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. అలవాటు ప్రకారం ఇద్దరూ నా వైపు చూశారు. నేను తొట్టి దగ్గరికి పోయి ముఖం కడుక్కోవడం మొదలుపెట్టాను. ముఖం శుభ్రమైపోయాక చేతులు కడిగాను. చేతులయ్యాక కాళ్లు కడిగాను. బస్సు దిగిన జనం గోడ పొడుగునా నిలబడి చూస్తున్నారు.

మెకానిక్కులు మాత్రం ఎవరి మాట కోసమూ చూడలేదు. రెండు బస్సులకూ జాకీలు ఎత్తి ఇరుసులు విప్పడం మొదలుపెట్టారు. ఇరుసుల్లోని ఆయిలు నేల మీద పారింది. బావగారు ఉగ్గబట్టుకోలేక వంగి, బస్సు కిందికి తల పెట్టి పళ్లు ఎంత అరిగాయో చూడబోయాడు. ఆయన మల్లు పంచె అంచు ఆయిల్లో పడబోతోంది.

"బావా, పంచె!" అని అరిచాడు బావమరిది.

ఆయన అలాగే వంగి ఉండి తల తిప్పాడు. "పోతే పోయిందిలేరా. నువ్వు ఇట్ట రా, ఇది చూడు. ఇంకా అరగలా," అన్నాడు.

బావమరిది దగ్గరికి పోయాడు. ఇద్దరూ బస్సు కింద పక్కపక్కనే గొంతుక్కూర్చుని ఆ చక్రాన్ని వేళ్లతో తడుముతూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎవరూ నన్ను పిలవలేదు. గోడ దగ్గర జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. నేను తొట్టి గట్టు మీద కూర్చున్నాను. కళ్లు తుడుచుకున్నాను. ముఖం కడుక్కున్న తడేలే అని ఎవరైనా అనుకుంటారని ధైర్యం.

సాయంత్రానికి చక్రాలు ఎవరివి వాళ్లకు చేరాయి. కొన్నాళ్లు తప్పు కాపురం చేసినందుకు కొంచెం మూలుగు మిగిలింది గాని, దూరానికి వినిపించేది కాదు. మర్నాడు పొద్దున సగం ఊరికి బస్సు తప్పిపోయింది. ఏడుపు వినిపిస్తే బయలుదేరుదామని ఇళ్లలో కూర్చున్నారట. వారం రోజుల పాటు డ్రైవరు ఊరి మొదట్లోనే హారను కొట్టాల్సి వచ్చింది. ముసలమ్మ ఆ తర్వాత వారానికొకసారి కూతురింటికి పోయి వచ్చేది. ఎవరెంత చెప్పినా టికెట్టు లేకుండా ఎక్కేది కాదు. బావగారు ఒకసారి బతిమాలితే, "దుడ్లిచ్చినోళ్ల మాటకే మీ ఇంట్లో విలువ," అందట.

ఆ మరుసటి ఏడాది లైసెన్సులో మళ్లీ రెండు జతలు తెప్పించాను. ఈసారి పెట్టె మీద ఎవరి పేరు ఉండాలని ఇద్దరూ అడగలేదు. మద్రాసుకు ముగ్గురం రైల్లో ఒకే పెట్టెలో కూర్చుని పోయాం. హార్బరు షెడ్డులో అదే అప్రైజరు. టీ కొట్టు ముందు పంపకం ఆయన చెవిన కూడా పడ్డట్టుంది. నన్ను గుర్తుపట్టి, "ఆ పంపకాలవాళ్లు రాలేదా?" అన్నాడు.

"వచ్చారు సార్. గేటు బయట ఇద్దరూ కలిసి టిఫిన్ తింటున్నారు. నన్ను తెమ్మన్నారు."

ఆయన నవ్వి, కటింగ్ ప్లయరు అందుకుని, జతగా కట్టిన తీగ మీద పెట్టాడు. నేను అధికారి అని కూడా చూడకుండా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"సుంకం ఎంతయినా వెయ్యండి సార్, కడతాం. ఆ తీగ మాత్రం కొయ్యొద్దు."